గవర్నర్లు ఓడలెక్కాక: అమెరికాలో బ్రిటిష్ పెత్తనం చేతులు మారిన తీరు

1776 జూలై 4న ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటనకు ఆమోదం దొరికే నాటికి, అమెరికాలోని 13 బ్రిటిష్ కాలనీల గవర్నర్లలో చాలామందికి నేల మీద నిలబడే చోటు లేదు. వర్జీనియా గవర్నర్ లార్డ్ డన్మోర్ ఏడాదిగా ఓడల మీదే కాలం గడుపుతున్నాడు. న్యూయార్క్ గవర్నర్ విలియం ట్రయన్ రేవులో లంగరేసిన ఓడను ఆఫీసుగా మార్చుకున్నాడు. ఉత్తర, దక్షిణ కరోలినాల గవర్నర్లు నౌకాదళం నీడన తలదాచుకున్నారు. న్యూజెర్సీ గవర్నర్ విలియం ఫ్రాంక్లిన్, అంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ సొంత కొడుకు, నిర్బంధంలో ఉన్నాడు. రాజుగారి ప్రతినిధుల పరిస్థితి ఇదైతే, ఊళ్లలో పన్నులు ఎవరు వసూలు చేస్తున్నారు? దళాలకు మనుషుల్ని ఎవరు పంపుతున్నారు? ఏ సరుకు అమ్మాలో ఏది అమ్మకూడదో ఎవరు చెబుతున్నారు? ఈ ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళ్తే, 1774 వేసవి నుంచి 1776 వేసవి లోపే పెత్తనం చేతులు మారిపోయిందని తెలుస్తుంది. దేశం తయారు కావడానికి మాత్రం ఆ తర్వాత ఇంకా పదేళ్లకు పైనే పట్టింది. బడి పుస్తకాల్లో ఈ రెండు పనులూ ఒకే తారీఖు కింద కలిసిపోతాయి.

కాలనీలకు తమ పనులు తామే చక్కబెట్టుకోవడం కొత్త కాదు. వర్జీనియాలో ఎన్నికైన సభ 1619లోనే జేమ్స్‌టౌన్‌లో కొలువుదీరింది. మసాచుసెట్స్ లాంటి ఉత్తరాది కాలనీల్లో ఏ ఊరికి ఆ ఊరు టౌన్ మీటింగ్ పెట్టుకుని, రోడ్డు దగ్గర్నుంచి బడి పంతులు జీతం దాకా తేల్చుకునేది. రోడ్ ఐలండ్, కనెటికట్‌లు గవర్నర్‌ని కూడా తామే ఎన్నుకునేవి. మిగతా చోట్ల లండన్ పంపిన గవర్నర్ వచ్చినా, చాలా కాలనీల్లో అతని జీతం స్థానిక సభ మంజూరు చేయాల్సిందే. జీతం ఇచ్చేవాళ్లతో గవర్నర్ ఎంతకాలమని పేచీ పెట్టుకుంటాడు? ఓటు ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్లకే. అయినా భూమి విరివిగా దొరికే చోటు కాబట్టి ఇంగ్లండ్‌తో పోలిస్తే ఓటర్ల నిష్పత్తి చాలా ఎక్కువ. ఒక ఉత్తరం సముద్రం దాటడానికి వారాలు పట్టే రోజుల్లో లండన్ కూడా చూసీచూడనట్టు ఊరుకుంది. తరాల తరబడి సాగిన ఈ వెసులుబాటును కాలనీలు హక్కు అనుకున్నాయి, లండన్ తన దయ అనుకుంది.

ఆ తేడా బయటపడింది ఏడేళ్ల యుద్ధం తర్వాత. 1763లో ఫ్రాన్స్‌ని ఉత్తర అమెరికా నుంచి వెళ్లగొట్టేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపైంది. గెలిచిన భూభాగానికి కాపలాగా సైన్యాన్ని అక్కడే ఉంచాలి, దాని ఖర్చులో కొంతైనా కాలనీలు భరించాలి అని లండన్ లెక్క. లెక్కగా చూస్తే అందులో అన్యాయమేమీ లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు కట్టే పన్నులు ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు కట్టేవాటి ముందు చాలా తక్కువ. పైగా యుద్ధం జరిగింది ఎవరి సరిహద్దులో? కానీ అదే ఏడాది అపలాచియన్ కొండలకు పడమర ఎవరూ స్థిరపడకూడదని రాజుగారి ప్రకటన వచ్చింది. భూముల మీద ఆశలు పెట్టుకున్నవాళ్లకు అది మింగుడు పడలేదు. దాని వెంటే 1765లో స్టాంపు చట్టం దిగింది.

పత్రికలు, దస్తావేజులు, లైసెన్సులు, ఆఖరికి పేకముక్కల మీద కూడా స్టాంపు ఉండాలన్నది ఆ చట్టం. దెబ్బ ఎవరి మీద పడిందో చూస్తే లండన్ తెలివితక్కువతనం అర్థమవుతుంది: లాయర్లు, ప్రింటర్లు, వ్యాపారులు, సారాయి దుకాణాల వాళ్లు. ఊళ్లో మాట పుట్టించేదీ వాళ్లే, మోసేదీ వాళ్లే. మసాచుసెట్స్ రాజధాని బోస్టన్‌లో స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మని ఎల్మ్ చెట్టుకు వేలాడదీశారు, అతను పదవి వద్దన్నాడు. మిగతా చోట్లా అదే వరస. నవంబర్ 1న చట్టం అమల్లోకి వచ్చేసరికి స్టాంపులు అమ్మే నాథుడు దాదాపు ఎక్కడా లేడు. తొమ్మిది కాలనీల ప్రతినిధులు న్యూయార్క్‌లో కలిసి, మేం ఎన్నుకోని పార్లమెంటుకు మా మీద పన్ను వేసే హక్కు లేదన్నారు. 1766 మార్చిలో పార్లమెంటు చట్టాన్ని వెనక్కి తీసుకుంది. అదే నోటితో, అన్ని విషయాల్లోనూ కాలనీల మీద చట్టాలు చేసే అధికారం తనదేనని ఇంకో చట్టం చేసింది. జనం పండగ చేసుకున్నారు, రెండో కాగితాన్ని అప్పటికి పెద్దగా పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకాలు వచ్చాయి. బహిష్కరణ వచ్చింది. బోస్టన్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5న కాల్పుల్లో అయిదుగురు చచ్చిపోయారు. చివరికి తేయాకు సుంకం ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఎత్తేశారు. ఇక్కడితో సద్దుమణిగి ఉండేదే, ఈస్టిండియా కంపెనీ కష్టాలు వచ్చి మధ్యలో పడకపోతే.

ఈ కంపెనీ తెలుగువాళ్లకు కొత్తది కాదు. స్టాంపు చట్టం రద్దయిన 1766లోనే, నవంబర్‌లో, నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కార్లను సంపాదించింది. అంతకు ముందే బెంగాల్ శిస్తు దాని చేతిలో పడింది. 1769–70 కరువులో బెంగాల్ కుప్పకూలింది, సైనిక ఖర్చులు పెరిగాయి, లండన్ గోదాముల్లో అమ్ముడుపోని తేయాకు పేరుకుపోయింది. 1772లో కంపెనీ దివాలా అంచుకు చేరింది. దాన్ని గట్టెక్కించడానికి 1773లో పార్లమెంటు 14 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చింది, రెగ్యులేటింగ్ చట్టంతో ఇండియాలో దాని పాలనకు కొంత పగ్గం వేసింది, తేయాకు చట్టంతో అమెరికాలో దానికి మార్కెట్ చూపించింది. మనవాళ్లు సివిల్స్ పరీక్షల కోసం చదివే రెగ్యులేటింగ్ చట్టమూ, అమెరికన్లు చిన్నప్పుడే బడిలో చదివే తేయాకు చట్టమూ ఒకే ఏడాది, ఒకే కంపెనీ కోసం పుట్టాయి. జాన్ డికిన్సన్ లాంటివాళ్లు తమ కరపత్రాల్లో బెంగాల్ కరువును ఎత్తి చూపించారు కూడా: ఆసియాలో కంపెనీ ఏం చేసిందో చూశారుగా, రేపు మన వంతు అని.

తేయాకు చట్టం వల్ల ధర పెరగలేదు, తగ్గింది. పౌనుకు మూడు పెన్నీల సుంకం కట్టినా కంపెనీ సరుకు డచ్చి దొంగసరుకు కంటే చవకగా దొరుకుతుంది. చవక టీ తాగితే సుంకాన్ని ఒప్పుకున్నట్టే, అదీ మెలిక. పైగా కంపెనీ ఎంచుకున్న కొద్దిమంది ఏజెంట్లకే అమ్మకం హక్కు. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్‌లో మూడు ఓడల నుంచి 342 పెట్టెల తేయాకును నీళ్లపాలు చేశారు. అది చైనా తేయాకు. అస్సాం తోటలకు ఇంకా చాలా కాలం ఉంది.

1774లో లండన్ చేసిన ప్రతీకారమే అసలు మలుపు. బోస్టన్ రేవు మూయించడం ఒక్కటే అయితే బోస్టన్ గొడవగానే మిగిలేది. మసాచుసెట్స్ పాలనా చట్టం మాత్రం ప్రతి పల్లెనూ తాకింది. ఎన్నికయ్యే కౌన్సిల్ పోయి రాజు నియమించే కౌన్సిల్ వచ్చింది. గవర్నర్ అనుమతి లేనిదే టౌన్ మీటింగ్ ఏడాదికి ఒక్కసారికి మించి పెట్టకూడదన్నారు. జ్యూరీని షెరీఫ్ ఎంపిక చేస్తాడన్నారు. బోస్టన్ మొహం చూడని రైతుకు కూడా, అప్పు కేసులో తన పొలం పోతుందో ఉంటుందో తేల్చే కోర్టు ఇప్పుడు పూర్తిగా పై వాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది.

1774 సెప్టెంబర్ 6న వూస్టర్ పట్టణంలో కోర్టు తెరవాలి. ఆ రోజు పొద్దున్నే చుట్టుపక్కల 37 ఊళ్ల నుంచి స్థానిక దళాలు కవాతు చేసుకుంటూ వచ్చాయి. అక్కడున్న పాస్టర్ ఒకాయన ఊరి వారీగా లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాడు: 4,622 మంది. కోర్టు తలుపులు లోపలి నుంచి బిగించారు. జడ్జీలు, షెరీఫ్, లాయర్లు ఒక సత్రంలో చేరి కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా బేరాలు నడిచాయి. తర్వాత జనం వీధికి రెండు వైపులా బారులు తీరారు. అధికారులు టోపీలు చేతిలో పట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పని చేయబోమని ఒప్పుకున్న కాగితాన్ని చదవాలి. వెనక ఉన్నవాళ్లకు వినపడాలి కదా, అందుకని ముప్ఫై సార్లకు పైగా చదివించారు. ఒక్క తుపాకీ పేలలేదు. సైన్యం పంపాలని మొదట అనుకున్న గవర్నర్ గేజ్ తర్వాత వెనక్కి తగ్గాడు. ఆ రోజు నుంచి బోస్టన్ బయట మసాచుసెట్స్‌లో రాజుగారి మాట చెల్లలేదు. నెల తిరక్కుండా అక్టోబర్ 4న వూస్టర్ టౌన్ మీటింగ్ తన ప్రతినిధికి ఇచ్చిన ఆదేశం ఇంకా సూటిగా ఉంది: పాత ప్రభుత్వం రద్దయినట్టే భావించి కొత్తది కట్టే పని చూడు. ఆ ప్రతినిధి తిమోతీ బిగెలో ఒక కమ్మరి. ఫిలడెల్ఫియా ప్రకటనకు అప్పటికి ఇంకా 21 నెలల గడువుంది.

ఆ నెలాఖరుకే మసాచుసెట్స్ ప్రొవిన్షియల్ కాంగ్రెస్, అంటే గవర్నర్‌తో పని లేకుండా ఊళ్ల ప్రతినిధులు పెట్టుకున్న సభ, తనకంటూ ఒక ఖజానా అధికారిని పెట్టుకుని, పన్ను డబ్బు రాజు ఖజానాకు కాకుండా అతనికి కట్టమంది. విప్లవం అంటే తుపాకుల మోతే గుర్తొస్తుంది కానీ, అధికారం ఎవరిదో తేల్చేది శిస్తు ఎవరి పెట్టెలో పడుతుందన్నదే.

మిగతా కాలనీలకు ఈ పద్ధతిని చేరవేసింది మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్. 1774 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో 12 కాలనీల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. జార్జియా రాలేదు. వాళ్లు స్వాతంత్ర్యం మాటెత్తలేదు, బ్రిటిష్ సరుకుల్ని బహిష్కరించాలని ఒప్పందం రాసుకున్నారు. అందులో 11వ అంశం చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది: ప్రతి కౌంటీలో, నగరంలో, పట్టణంలో ఓటర్లు ఒక కమిటీని ఎన్నుకోవాలి. ఎవరేం కొంటున్నారో ఆ కమిటీ కనిపెట్టాలి. ఒప్పందం తప్పినవాళ్ల పేర్లు పత్రికలో వేయించాలి. అంతవరకూ రాజకీయాల గడప తొక్కని వేలమంది రైతులు, చేతిపనివాళ్లు దీంతో ఒక్కసారిగా అధికారులైపోయారు. కమిటీలు వ్యాపారుల ఖాతా పుస్తకాలు తెరిపించాయి, ధరలు చూశాయి, మందుగుండు పోగుచేశాయి. ఆ ఒప్పందం చావు ఖర్చులను కూడా వదల్లేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు గ్లవ్స్, స్కార్ఫులు పంచే ఆచారం మానాలి, మగవాళ్లు చేతికో టోపీకో నల్ల రిబ్బన్ కట్టుకుంటే చాలు అని రాశారు. గుర్రప్పందాలు, కోడిపందాలు వద్దన్నారు. ఇంటింటి వాడకం రాజకీయమయ్యేసరికి ఆడవాళ్లూ అందులోకి వచ్చారు. ఉత్తర కరోలినాలోని ఈడెంటన్‌లో 51 మంది మహిళలు బహిష్కరణకు మద్దతుగా సంతకాలు చేశారు. లండన్ పత్రికలు వాళ్ల మీద వెక్కిరింపు బొమ్మలు వేశాయి.

ఇదంతా ఇష్టపూర్వకంగా జరిగిందనుకుంటే పొరపాటు. పేరు పత్రికలోకెక్కితే ఊరు వెలేసినట్టే. మాట వినని కొందరికి ఒంటికి తారు పూసి ఈకలు అంటించారు. కమిటీకి అప్పీలు లేదు. రాజు పట్ల విధేయంగా ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలైంది అప్పుడే. యుద్ధం ముగిసేసరికి వాళ్లలో దాదాపు 60 వేల మంది కెనడాకో, బ్రిటన్‌కో, కరీబియన్ దీవులకో వెళ్లిపోయారు.

1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో బ్రిటిష్ సైన్యానికీ స్థానిక దళాలకూ మధ్య కాల్పులు జరిగి యుద్ధం మొదలయ్యే నాటికి ఊళ్లలో ప్రభుత్వం నడుపుతున్నది కమిటీలే. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో చేరిన రెండో కాంగ్రెస్ సైన్యం పెట్టింది, దానికి జార్జ్ వాషింగ్టన్‌ని అధిపతిని చేసింది, నోట్లు అచ్చేసింది, తపాలా నడిపింది. అన్నీ ప్రభుత్వం చేసే పనులే. అయినా జూలైలో రాజుకు వినయంగా అర్జీ రాసింది. ఈ విడ్డూరానికి కారణం ఉంది. అప్పటిదాకా వాళ్ల తిట్లన్నీ పార్లమెంటుకూ మంత్రులకే. రాజు మంచివాడు, పక్కనున్నవాళ్లే చెడ్డవాళ్లు అన్న నమ్మకం అంత తేలిగ్గా చావదు. మూడో జార్జి ఆ అర్జీని పట్టించుకోకుండా ఆగస్టులో వాళ్లని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ రాసిన ‘కామన్ సెన్స్’ కరపత్రం వచ్చి, రాచరికం అన్నదాన్నే దుమ్మెత్తిపోసింది. పెయిన్ అమెరికా వచ్చి ఏడాది దాటిందంతే. ఎప్పట్నుంచో అక్కడున్నవాళ్లు బయటికి అనలేనిది కొత్తగా వచ్చినవాడు అనేశాడు.

దక్షిణాదిలో మనసులు విరగడానికి ఇంకో కారణం తోడైంది. తిరుగుబాటుదారుల బానిసల్లో రాజు పక్షాన పోరాడే వాళ్లకు విముక్తి ఇస్తానని డన్మోర్ 1775 నవంబర్‌లో ప్రకటించాడు. అప్పటి 25 లక్షల జనాభాలో అయిదో వంతు బానిసలే. వందలమంది డన్మోర్ దగ్గరికి పారిపోయారు, రాజీ పడదామా అని ఊగిసలాడుతున్న తోటల యజమానులు ఆ దెబ్బతో అటువైపు చూడటం మానేశారు. ఒకరి స్వేచ్ఛ భయపెట్టి ఇంకొకరిని స్వేచ్ఛ వైపు నెట్టిన ఈ ఘట్టాన్ని జూలై 4 ఉపన్యాసాల్లో ఎవరూ పెద్దగా గుర్తు చేసుకోరు.

1776 మే 4న రోడ్ ఐలండ్ రాజు పట్ల విధేయతను వదులుకుంది. వర్జీనియా సభ మే 15న స్వాతంత్ర్యం ప్రతిపాదించమని తన ప్రతినిధులకు చెప్పింది. ఊళ్లు, కౌంటీలు తమ వంతు తీర్మానాలు చేశాయి. కింద అంతా తయారయ్యాక కూడా కాంగ్రెస్‌లో పని సాఫీగా సాగలేదు. జూలై 1న తొమ్మిది కాలనీలు అవునన్నాయి, పెన్సిల్వేనియా, దక్షిణ కరోలినా కాదన్నాయి, డెలవేర్ ఓటు సమంగా చీలింది, న్యూయార్క్ తటస్థంగా ఉంది. మర్నాటికి బుజ్జగింపులు, గైర్హాజర్లు, రాత్రంతా గుర్రం మీద వచ్చిన డెలవేర్ ప్రతినిధి సీజర్ రాడ్నీ ఓటు కలిసి లెక్క 12కు చేరింది. జూలై 9న న్యూయార్క్‌లో ప్రకటన చదివి వినిపించగానే జనం మూడో జార్జి సీసపు విగ్రహాన్ని పడగొట్టారు. ఆ సీసాన్ని కనెటికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లి కరిగించి 42,088 తూటాలు పోశారు.

కొత్త రాష్ట్రాలు పాత పాలనలో చాలా భాగాన్ని ఉన్నది ఉన్నట్టే వాడుకున్నాయి. రోడ్ ఐలండ్, కనెటికట్‌లు రాజు ఇచ్చిన చార్టర్లలోంచి రాజు పేరు తీసేసి వాటినే రాజ్యాంగాలుగా ఉంచుకున్నాయి. మిగతావి గవర్నర్ అధికారాలు కత్తిరించి సభలకు బలం పెంచాయి. కోర్టులు, కౌంటీలు, ఆస్తి చట్టాలు పెద్దగా మారలేదు. విప్లవం తర్వాత అరాచకం రాకపోవడానికి ఇదే ముఖ్య కారణం అనిపిస్తుంది. పడిపోయింది పై కప్పు, గోడలు ఎప్పట్నుంచో వాళ్లవే.

యుద్ధం ఎనిమిదేళ్లు సాగింది. 1777లో సారటోగా గెలుపుతో ఫ్రాన్స్ కలిసొచ్చింది. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన తన కింది అధికారిని పంపాడు. అయిదేళ్లకు అదే కార్న్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది ఆయన హయాంలోనే, 1788లో. 1783 పారిస్ సంధిలో బ్రిటన్ మిసిసిపి నది దాకా ఉన్న భూమిని అమెరికాకు రాసిచ్చింది. ఆ భూమి మీద తరతరాలుగా ఉంటున్న ఆదివాసీ జాతుల మాట సంధిలో లేనే లేదు.

రాజు పోయాడు గానీ దేశం ఎక్కడుంది? 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒప్పందం కింద 13 రాష్ట్రాలూ ఎవరికి వారే యమునా తీరే. కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాల్ని చందా అడుక్కోవాలి. దిగుమతుల మీద చిన్న సుంకం వేసుకుంటామంటే రోడ్ ఐలండ్ ఒక్కటీ అడ్డుపడింది, అంతే, ఆ ప్రతిపాదన చచ్చింది. యుద్ధ కాలంలో అచ్చేసిన 20 కోట్ల డాలర్లకు పైగా నోట్లు చిత్తు కాగితాల్లా తయారయ్యాయి. సైనికులకు జీతం బదులు ఇచ్చిన పత్రాలను దళారులు కారుచవకగా కొనేశారు. ఆ పత్రాలకు వడ్డీతో సహా చెల్లించడానికి మసాచుసెట్స్ ప్రభుత్వం గట్టి పన్నులు వేసింది. కట్టలేని రైతుల పశువులు, పొలాలు వేలానికొచ్చాయి.

1786 సెప్టెంబర్ 5న వూస్టర్ కోర్టును జనం మళ్లీ మూయించారు. పద్ధతి అదే, వాదనా అదే: మా గోడు వినని ప్రభుత్వానికి మా మీద కోర్టు నడిపే హక్కు లేదు. తేడా ఒక్కటే, ఈసారి మెట్ల మీద బయొనెట్లకు ఎదురు నిలబడి జనాన్ని మందలించిన జడ్జి ఆర్టెమస్ వార్డ్, 1775లో బోస్టన్‌ను ముట్టడించిన దళాలకు మొదటి సేనాని. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన డేనియల్ షేస్ కూడా ఆ యుద్ధంలో కెప్టెనే. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర ఫిరంగులు పేల్చి వాళ్లను చెదరగొట్టారు, నలుగురు పోయారు. కాంగ్రెస్ దగ్గర డబ్బు లేక, తిరుగుబాటును పూర్తిగా అణచడానికి రాష్ట్రం పంపిన దళానికి బోస్టన్ వ్యాపారులు తలా కొంత వేసుకుని ఖర్చు పెట్టారు.

ఆస్తిపరుల గుండెల్లో రాయి పడింది. ఆ ఏడాది మేలో 12 రాష్ట్రాల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని కూర్చుని, సెప్టెంబర్ 17కల్లా కొత్త రాజ్యాంగం రాశారు. కేంద్రానికి పన్ను అధికారం, సైన్యం, వ్యాపారం మీద పట్టు దొరికాయి. పెద్ద రాష్ట్రాలకు జనాభా లెక్కన ఒక సభ, చిన్నవాటికి సమాన సీట్ల సెనేట్ అని రాజీ కుదిరింది. బానిసల్లో ప్రతి అయిదుగురినీ ముగ్గురుగా లెక్కేసి దక్షిణాదికి సీట్లు పెంచారు, బానిసల దిగుమతిని 1808 దాకా కాంగ్రెస్ ఆపకూడదన్నారు. బానిస అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు. దీన్ని ఆమోదించడానికి ప్రతి రాష్ట్రంలో ఎన్నికైన సభలు కూర్చున్నాయి. మసాచుసెట్స్‌లో 187–168, వర్జీనియాలో 89–79, న్యూయార్క్‌లో 30–27. ఏకగ్రీవంగా పుట్టిన దేశమని ఎవరైనా అంటే ఈ అంకెలు చూపించవచ్చు. వాషింగ్టన్ 1789 ఏప్రిల్‌లో మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు రోడ్ ఐలండ్, ఉత్తర కరోలినా ఇంకా బయటే ఉన్నాయి. హక్కుల పత్రం చేరుస్తామన్న హామీ కొందరిని మెత్తబరిచింది, ఆ సవరణలు 1791 చివర్లో అమల్లోకి వచ్చాయి.

రాష్ట్రాల యుద్ధ అప్పులన్నీ కేంద్రం నెత్తిన వేసుకోవాలని ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పట్టుబట్టి సాధించాడు. అప్పిచ్చినవాళ్లంతా కేంద్రం నిలబడాలని కోరుకుంటారన్నది ఆయన లెక్క. ఆ అప్పు తీర్చడానికి 1791లో విస్కీ మీద పన్ను పడింది. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులకు విస్కీ అంటే మత్తు కోసం మాత్రమే కాదు, కొండలు దాటించలేని ధాన్యాన్ని సొమ్ము చేసుకునే దారి. వాళ్లు పన్ను అధికారులకు తారు పూశారు, సభలు పెట్టారు, 1794లో పన్ను అధికారి ఇంటిని తగలబెట్టారు. లండన్ మీద వాడిన ఆయుధాలే ఇవన్నీ. వాషింగ్టన్ దాదాపు 13 వేల మందితో దండు కట్టి కొంత దూరం తానే గుర్రం మీద వెంట వెళ్లాడు. దండు చేరేసరికి ఎదిరించేవాళ్లు లేరు. ఇద్దరి మీద దేశద్రోహం రుజువైంది, వాషింగ్టన్ వాళ్లను క్షమించాడు. థామస్ జెఫర్సన్ అధ్యక్షుడిగా వచ్చాక, 1802లో గానీ ఆ పన్ను పోలేదు.